సెగలమ్మకు కొత్త పోస్టింగు

ఆ పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. పడమటి గుట్టల మీద నల్లమబ్బు వచ్చి కూచుంది. గాలి వచ్చి దాన్ని లేపింది. పోతూ పోతూ అది నాలుగు చినుకులు రాల్చింది. అవీ చేల మీద కాదు, బాట మీద. తడిసిన ఆ బాట మీద దుమ్ము లేవకుండా ఒక జీపు వచ్చి ఊరి బయట ఆగింది. తన బండల గూట్లోంచి సెగలమ్మ దాన్ని చూసింది. చూసి, విగ్రహం వెనక నెర్రెలోకి దూరింది.

సెగలమ్మ వంకమిట్టపల్లె దేవత. సెగబొబ్బల జబ్బు ఆమెది. ఒకప్పుడు ఆమె ఊళ్ళోకి వచ్చిందంటే గడప గడపకూ వేపమండలు కట్టేవారు. పొయ్యి మీద తాలింపు చప్పుడు వినబడేది కాదు. పేరెత్తడానికి కూడా జంకి ‘తల్లి వచ్చింది’ అని గుసగుసలాడేవారు. అదంతా సూదులవాళ్ళు రాకముందు సంగతి. వాళ్ళు జీపులో వచ్చారు. చిన్న సూదితో జనం జబ్బల మీద గీరి, టీ తాగి పోయారు. అంతే, సెగలమ్మ ఓడిపోయింది. యుద్ధంలో ఓడినవాళ్ళకు ఎదుటివాడి ముఖమైనా గుర్తుంటుంది. ఆమెకు గుర్తున్నది స్పిరిటు వాసన ఒక్కటే.

ఓడిన కొత్తలో ఆమె దాక్కోని చోటు లేదు. రోటి గుంటలో దాక్కుంది. బోర్లించిన కోళ్ళగంప కింద దాక్కుంది. ఆరిపోయిన కుమ్మరి ఆవంలో బూడిద పులుముకుని కూచుంది. సూదులవాళ్ళు అక్కడికీ వచ్చారు. చివరికి విసిగిపోయి తన గుడికే తిరిగొచ్చింది. ఓడిపోయిన దేవతను గుడిలో ఎవరూ వెతకరని ఆమెకు అప్పుడు తెలిసింది.

గుడంటే మూడు నిలువుబండలు, పైన కప్పుబండ, పక్కన ఒక వేపచెట్టు. పూజారి కుమ్మరి తిప్పక్క. పొద్దున్నే ముంతలో చల్లని రాగంబలి, ఒక ఉల్లిగడ్డ తెచ్చి పెట్టి, కాసేపు కూచుని, మోకాళ్ళు పట్టుకుని లేచి పోతుంది. అదే పూజ.

సెగలమ్మ బలంగా ఉన్న రోజుల్లో వేటపోతులు తెగాయి, కుండల కొద్దీ అన్నం పోశారు. కాని ఆ తిండంతా ఒకే మాట చెప్పి పెట్టేవారు: ‘తిని పో తల్లీ.’ ఆమె తిన్నాక చెక్కబండి ఎక్కించి, డప్పులతో పొలిమేర దాకా తోసుకుపోయి, అవతలి ఊరి గడ్డ మీద వదిలేవారు. వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇళ్ళకు పోయేవారు. చూస్తే వెంట వస్తుందని భయం. అట్లా ఆమె తిన్న ప్రతి ముద్దా సాగనంపు ముద్దే. ఓడిపోయాక తిప్పక్క పోసిన అంబలి మాత్రం ఎవరూ పొమ్మనకుండా పోసింది. అందుకని ఓటమి మీద సెగలమ్మకు చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు.

“ఆలయ ప్రాంగణంలో బాధ్యులెవరైనా ఉన్నారా?” అని బయటినుంచి గొంతు వినిపించింది.

గొంతు వామనమూర్తి గారిది. చిన్న దేవతల క్రమబద్ధీకరణ సంఘానికి ఆయన ప్రత్యేకాధికారి. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. జేబులో వెండి రంగు పెన్ను మెరుస్తోంది.

“ఉండాది సామీ,” అంది అంబలి తెచ్చి కూచుని ఉన్న తిప్పక్క. “నీ జేబీలో ఆ మొనదేలింది దీసి జీపులో పెట్టిరా. బయటికొస్తాది.”

ఆయన పెన్ను జీపులో పెట్టి వచ్చారు. సెగలమ్మ బయటికి వచ్చింది. పసుపు ముఖం, కొప్పులో వేపరెమ్మ, వంగిన నడుము. వామనమూర్తి గారు ఆశ్చర్యపోలేదు. తన కాగితంలో పేరున్న వాళ్ళు ఎవరు ఎదురుపడినా ఆశ్చర్యపోకపోవడం ఆయనకు ఉద్యోగం నేర్పిన గుణం.

“శ్రీమతి సెగలమ్మ గారేనా?”

“నాకు పెండ్లి యాడైందప్పా?”

“కుమారి,” అని సరిదిద్దుకున్నారు. “తమరి అధీనంలోని వ్యాధికి సంబంధించి ఇటీవల నమోదైన కేసుల వివరాలు తెలియజేయగలరు.”

“లేవు.”

“పాక్షికంగానైనా?”

“ఒక్క బొబ్బ గుడక లేదు.”

“అనగా తమరు ప్రస్తుతం ఎటువంటి విధులూ నిర్వర్తించడం లేదు. మా పరిభాషలో తమరిని మిగులు దేవత అంటాము.” ఆయన గొంతు సవరించుకున్నారు. “మిగులు దేవతల ఆవరణలను ఖాళీ చేయించి, సదరు విగ్రహాలను జిల్లా గోదాములో భద్రపరచవలసిందిగా ఉత్తర్వు.”

“గోదాములో అంబలి పోస్తారా సామీ?” అని అడిగింది తిప్పక్క.

“గోదాములోకి ఆహారపదార్థాలు నిషిద్ధం. ఎలుకల దృష్ట్యా.”

సెగలమ్మ కొప్పులో వేపరెమ్మ సర్దుకుంది. “ఒక కేసు సూపిస్తే?”

“తమరి కొలువు నిలుస్తుంది. అయితే ఆరోగ్యశాఖ వారు తమరిపై కఠినచర్య తీసుకుంటారు. అది వారి పరిధి.”

“సూపియ్యకపోతే?”

“అది మా పరిధి.”

తిప్పక్కకు కోపం వచ్చింది. “మాయమ్మ ఒకరి జోలికి పోకుండా సేతులు ముడుసుకోని కూసుండాది. అది మంచిదా సెడ్డదా సామీ, నువ్వే సెప్పు.”

“వ్యక్తిగతంగా మంచిదే,” అన్నారు వామనమూర్తి గారు. “కాని మంచిది అని రాయడానికి మా పత్రంలో గడి లేదు.”

తర్వాత ఆయన కాస్త మెత్తబడ్డారు. గోదాము తప్పించుకోవడానికి ఒక దారి ఉందన్నారు. ప్రస్తుతం చలామణిలో ఉన్న ఏదైనా వ్యాధికి బదిలీ కోరుకోవచ్చు. జలుబుకు పోటీ ఎక్కువ. నడుంనొప్పికి పైనుంచి సిఫార్సు కావాలి. చక్కెర వ్యాధి మాత్రం దేవత లేకుండా ఖాళీగా పడి ఉంది. ఆ మాట చెబుతూ తన జేబులోంచి ఒక మాత్ర తీసి, తిప్పక్క దగ్గర నీళ్ళు అడిగి వేసుకున్నారు. ఆ వ్యాధితో ఆయనకు సొంత పరిచయం ఉంది.

“బొబ్బలొస్తాయా?” అని అడిగింది సెగలమ్మ.

“రావు.”

“జరం?”

“రాదు.”

“మరి వచ్చినట్టు యట్ల తెలుస్తాదప్పా?”

“రక్తం తీసి పరీక్షిస్తారు.”

“దేంతో?”

“సూదితో.”

సెగలమ్మ మళ్ళీ నెర్రెలోకి దూరింది. తిప్పక్క బండ దగ్గర కూచుని, బిడ్డను బడికి పంపే తల్లిలా బుజ్జగించింది. గోదాములో ఎలుకలు ఉంటాయంది. చీకటి అంది. అక్కడికి పోతే తాను అంబలి తేలేనంది. ఆ చివరి మాటకు సెగలమ్మ బయటికి వచ్చి, చక్కెర వ్యాధి తనకు సమ్మతమేనని బొటనవేలు ముద్ర వేసింది.

ఊళ్ళో దండోరా వేశారు. సర్పంచి చౌడప్పకు ఆ వ్యాధి పాత చుట్టం. మాత్రలు నడుముకు కట్టుకునే సంచిలో వక్కాకుతో కలిపి పెట్టుకుంటాడు. దండోరా వినగానే పెద్దమనుషులను పిలిపించాడు.

“మన సెగలమ్మను సక్కెర జబ్బుకు మార్చినారంట. మనం సెయ్యాల్సింది మనం సెయ్యల్ల గదప్పా. సెగబొబ్బలప్పుడు ఏం జేసినారు మనోళ్ళు?”

“సల్లనివి పెట్టినారు. మజ్జిగ, పెరుగన్నం.”

“యాలని?”

“ఆయమ్మ జబ్బు ఏడి గదా. సల్లగిస్తే శాంతిస్తాది.”

“మరి ఈ జబ్బు?”

అందరూ ఆలోచించారు. సెగ తల్లికి చల్లవి పెట్టింది ఆమెకు అవి ప్రీతి కనుక. చక్కెర తల్లికి ఏది ప్రీతి? వ్యాధి పేరులోనే తెలిసిపోతోంది. ఇంకా ఆలోచించాల్సిందేముంది?

ఆ వారం వంకమిట్టపల్లెలో వండని తీపి లేదు. బెల్లం పొంగలి పెట్టారు. ఓళిగలు దొంతులు పేర్చారు. పాయసం అండాల్లో కాచారు. ప్రసాదం పారేయడం తప్పు కనుక, జబ్బున్న వాళ్ళే ముందు తినడం పూర్వపు ఆచారం కనుక, చౌడప్ప తొలి వరుసలో కూచున్నాడు. అతని వెనక ఊళ్ళో మాత్రలు మింగే వాళ్ళంతా కూచున్నారు.

సెగలమ్మ ఒక ఓళిగ తుంచి నోట్లో వేసుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి. ఇంతటి తీపి ఆమె ఏ కాలంలోనూ ఎరగదు. వరుసలో కూచున్న వాళ్ళ ముఖాలు చూసింది. కాళ్ళు చూసింది. ఒళ్ళు చూసి లోపలి సంగతి చెప్పడం ఆమెకు పాత అలవాటు.

“తినద్దురా,” అంది. “నా మాట ఇనండి. సాలించండి.”

జనం చౌడప్ప వైపు చూశారు.

“తల్లికి కోపమొచ్చింది,” అన్నాడు చౌడప్ప. “తక్కువైందేమో. ఇంగో పెనం పెట్టండమ్మో!”

వామనమూర్తి గారు పరిశీలకుడి హోదాలో పక్కన కుర్చీలో కూచుని ఉన్నారు. ప్రసాదాన్ని నిరాకరించడం శాఖాపరమైన మర్యాదకు భంగమని ఆయన కూడా విస్తరి వేయించుకున్నారు. మర్యాద రెండోసారి కూడా వడ్డించుకుంది.

కొద్దిరోజులకు ఆరోగ్యశాఖ వ్యాను వచ్చింది. సెగలమ్మ నెర్రెలో ఉండిపోయింది. వ్యాను వాళ్ళు అందరి వేళ్ళూ పొడిచి, యంత్రంలో అంకెలు చూసి, యంత్రం చెడిపోయిందనుకుని ఇంకొకటి తెప్పించారు. అదీ అంతే చెప్పింది. చౌడప్ప అంకె చూసి వ్యాను డ్రైవరు ‘అబ్బో’ అన్నాడు.

మర్నాడే వామనమూర్తి గారు పూలదండతో వచ్చారు.

“అభినందనీయం! బదిలీ అయిన స్వల్పకాలంలోనే ఇంతటి ప్రగతి మా సంఘ చరిత్రలో లేదు. తమరిని ఉత్తమ దేవతగా ఎంపిక చేశాము.”

“నేనేం సెయ్యలేదప్పా. వద్దని మొత్తుకున్యా.”

“ఉత్తములందరూ ఇలాగే అంటారు.”

అదే జీపులో ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. అది ఆరోగ్యశాఖది. వంకమిట్టపల్లెలో ఈ ఉపద్రవానికి బాధ్యులైన వారిని తక్షణమే గ్రామ పొలిమేర వెలుపలికి తరలించి, స్వీకరించిన గ్రామం నుంచి సంతకం తీసుకోవలసిందని దాని సారాంశం. తిప్పక్క రెండు కాగితాల వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకు చదువు రాదు. వామనమూర్తి గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివారు. తర్వాత ఆయన ముఖం తేటపడింది.

“ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ముందు సన్మానిస్తాము, తర్వాత తొలగిస్తాము. మా శాఖలో పెద్దవాళ్ళకు జరిగేది అదే.”

పొలిమేర దాటించడమంటే ఊరికి కొత్త కాదు. చౌడప్ప అటక మీద నుంచి చెక్కబండి దింపించాడు. చక్రాలకు ఆముదం పట్టించాడు. పాపం, మెట్లు దిగేటప్పుడు అతని కళ్ళు తిరిగాయి. “బాగుపడాలంటే పంపియ్యల్ల తల్లీ, ఏమనుకోవద్దు,” అని సెగలమ్మ కాళ్ళకు మొక్కాడు.

ఆ పొద్దున తిప్పక్క అంబలి తెచ్చింది గాని, కూచోలేదు.

“పొలిమేర దాటితే నా మోకాళ్ళు రావు తల్లీ.”

“గోదాముకన్నా మేలే గదమ్మే,” అంది సెగలమ్మ.

“ఏం మేలు? ఆడ నీకు అంబలి ఎవురు పోస్తారు?”

జనం ఏడుపులు ఎన్నో చూసిన దేవత సెగలమ్మ. ఆ రోజు మాత్రం తిప్పక్క ముఖం చూడలేక వేపచెట్టు వైపు తిరిగింది. తిప్పక్క ముంత అక్కడే వదిలి పోయింది. సన్మానానికి రాలేదు. శాలువా కప్పినప్పుడూ రాలేదు, కొంగులో బెల్లం ముక్క, తాంబూలం కట్టి బండెక్కించినప్పుడూ రాలేదు. బండి ఆమె ఇంటి ముందునుంచే పోయింది. తలుపు గొళ్ళెం పెట్టి ఉంది.

వంకమిట్టపల్లెకు బూదిగుట్టకు మధ్య ఒక వంక. వానలు లేక ఇసక తేలి ఉంది. డప్పులు కొట్టుకుంటూ బండిని వంకలోకి దింపేసరికి ఆవలి గట్టు మీద బూదిగుట్ట జనం కర్రలతో, సొంత డప్పులతో సిద్ధంగా నిలబడి ఉన్నారు.

“యాడికప్పా తోస్తాండారు?” అని కేకేశాడు వాళ్ళలో ఒకడు.

“ఉత్తమ దేవతప్పా! మీకు ఊరికే ఇస్తాండాం!” అన్నాడు చౌడప్ప.

“మా ఊళ్ళో మాకు సాలినంత సక్కెరుండాది. మీది మీరే పెట్టుకోండి!”

వీళ్ళు అటు తోశారు. వాళ్ళు ఇటు తోశారు. బండి అటూ ఇటూ ఊగి ఊగి నడిమి ఇసకలో చక్రాల దాకా కూరుకుపోయింది. ఇక ముందుకూ రాదు, వెనక్కూ పోదు. రెండూళ్ళ వాళ్ళకూ అప్పుడు ఒకే ఆలోచన వచ్చింది. వీళ్ళు పంపించేశామనుకున్నారు. వాళ్ళు తిప్పికొట్టామనుకున్నారు. ఇద్దరూ ఒకేసారి వీపులు తిప్పి, వెనక్కి చూడకుండా, వచ్చిన దారి పట్టారు.

“అయ్యా! స్వీకర్త సంతకం!” అని అరిచారు వామనమూర్తి గారు. “ఎవరో ఒకరు ఒక్కసారి ఇటు తిరగండి!”

ఆయన పిలిచినకొద్దీ వీపులు జోరుగా నడిచాయి. జీపు డ్రైవరుది కూడా ఆ చుట్టుపక్కల ఊరే. అతనూ వెనక్కి చూడకుండా జీపెక్కి, వెనక్కి చూడకుండానే పోయాడు.

వంకలో ఒక దేవత, ఒక అధికారి మిగిలారు. మబ్బు పక్కకు తొలగింది. ఎండ కాసింది.

వామనమూర్తి గారు బండి కాడి మీద కూచుని కాగితం తీశారు. ప్రస్తుత నివాసం అన్న చోట ఏం రాయాలో తెలియలేదు. ఈ గట్టు దాకా వంకమిట్టపల్లె. ఆ గట్టు నుంచి బూదిగుట్ట. నీళ్ళుంటే వంక నీటిపారుదల వాళ్ళది. నీళ్ళు లేవు.

“ఈ స్థలం ఎవరి పరిధి?” అన్నారు తనలో తాను.

“నాది,” అంది సెగలమ్మ. “తరతరాలుగా నన్ను దింపి పోయేది ఈడికే గదప్పా. పొలిమేర ఇంగెవరిది?”

ఆయన పెన్ను తీసి, మొన ఆమె వైపు రాకుండా అటు తిప్పి రాయబోయారు. పెన్ను వణికింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పొద్దున మాత్ర వేసుకున్నారు గాని, సన్మానం హడావిడిలో పలహారం చెయ్యలేదు. ఒంట్లో ఉన్న చక్కెర కాస్తా పడిపోయింది. పెన్ను జారి ఇసకలో పడింది. ఆయన చూపు ఎటో పోతోంది.

సెగలమ్మ ఆ ముఖం చూసింది. పాత కాలంలో ఇలా వాలిపోయే ముఖాలు చూస్తూ గడప దగ్గర నిలబడేది. అప్పుడు ఆమె చేతిలో ఇచ్చేందుకు ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు బండి దిగి కొంగు ముడి విప్పింది. సన్మానం బెల్లం ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.

“నములప్పా. నములు.”

ఆయన నమిలారు. కొంతసేపటికి చెమట ఆరింది. కళ్ళు నిలిచాయి.

“తమరు నాకు వైద్యం చేశారు,” అన్నారు నీరసంగా. “విధుల్లో ఇది ఏ పద్దు కిందికి వస్తుందో పరిశీలించాలి.”

“పరిశీలించద్దులే. కూసో.”

ఆమె కూడా పక్కనే ఇసకలో కూచుంది. ఎదురుగా బూదిగుట్ట గట్టు ఖాళీగా ఉంది. ఇట్లా దింపినాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఏమీ జరగదు. సాగనంపిన వాళ్ళెవరూ రారు. ఊళ్ళో పొయ్యిలు రాజుకుంటాయి, ఇక్కడికి పొగ కనబడుతుంది, అంతే.

బూదిగుట్ట గట్టు మీద ఒక తల కనబడింది. తల మీద ఇంకో ముంత. తిప్పక్క ఒక చేత్తో ముంత, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, గట్టు మీద కూచుని జారుకుంటూ దిగింది. ఇసకలో అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చి బండి చక్రానికి ఆనుకుని కూలబడింది.

“అటువైపు నుంచి వచ్చినావేమే?” అంది సెగలమ్మ.

“ఎనక్కి తిరిగి సూడగూడదన్యారు గదా.” తిప్పక్క ఆయాసపడింది. “నేను యాడ తిరిగినా? పొద్దున్నే బయలుదేరి, వంతెన మీంద సుట్టేసుకోని ముందర్నుంచి వచ్చినా.”

ఆమె మోకాళ్ళు కుండల్లా వాచి ఉన్నాయి.

తిప్పక్క ముంత దింపింది. ఒడిలోంచి మోదుగాకు దొప్పలు తీసింది. సెగలమ్మకు పోసింది. ఒకసారి వామనమూర్తి గారి ముఖం చూసి, ఆయనకూ పోసింది. తనకు పోసుకుంది. ఉల్లిగడ్డ రాతి మీద చితగ్గొట్టి ముగ్గురి ముందూ పెట్టింది. వామనమూర్తి గారు ఒళ్ళో ఉన్న కాగితం చూసి, దాన్ని మడిచి ముంత కింద వేశారు. ముంత ఇసకలో ఒరగకుండా నిలబడింది.

తాగారు. ఉల్లిగడ్డ కొరికారు. మబ్బు మళ్ళీ వచ్చి వంక మీద నిలబడింది.

దొప్ప అడుగు కనబడేసరికి సెగలమ్మ తల వంచుకుంది. తిండితో పాటు వచ్చే ‘పో తల్లీ’ మాట ఇప్పుడు రావాలి. బండెక్కించిన ప్రతిసారీ వచ్చింది. ఆమె ఎదురుచూసింది.

తిప్పక్క ముంత వంచి, ఆమె దొప్ప మళ్ళీ నింపింది.